పిల్లల ఈసీజీ: చిన్న గళ్లు లెక్కపెట్టి చూద్దాం

(సంఘం వార్షిక సభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏటా మా ఉపసంఘం ఇక్కడ నిలబడి ఎన్ని శిబిరాలు పెట్టాం, ఎన్ని కళ్లద్దాలు ఇచ్చాం అని చదివి కూర్చుంటుంది. ఈసారి ఆ పట్టిక కోశాధికారి గారి నివేదికలో వేశాం, అక్కడ చూసుకోండి. మాకు ఇచ్చిన సమయంలో ఒకే ఒక లెక్క చెబుతాం. వర్గమూలం లెక్క. కంగారు పడకండి, ఎనిమిదో తరగతి పాఠమే. మా ఉపసంఘంలో ఎక్కువమందిమి బడిపంతుళ్లం, మైకు చేతికిస్తే పాఠం చెప్పకుండా ఊరుకోలేం.

ఆ లెక్క పేరు క్యూటీసీ. ఈసీజీ తీయించుకున్నవాళ్ల కాగితం పైభాగాన, రేటు, పీఆర్, క్యూఆర్ఎస్ అని ఇంగ్లీషు అక్షరాల పక్కన కొన్ని అంకెలు ఉంటాయి. వాటిలో ఇదొకటి. మనం చూడం. చాలాసార్లు చూడాల్సినవాళ్లు కూడా కాగితం కింద మిషను అచ్చువేసిన ‘నార్మల్’ అనే మాట చూసి పక్కన పెడతారు. మేమూ అలాగే పక్కన పెట్టాం. అందుకే ఈ ప్రసంగం.

మా బడిలో ఆరో తరగతి చదివే ఒక పాప. తండ్రి మిరప యార్డులో హమాలీ. ఒకరోజు ఇంటర్వెల్ అయ్యాక గంట మోగింది. ఆ పాప బెంచీ మీద నుంచి జారి కింద పడింది. చేతులు కాళ్లు ఒకటి రెండుసార్లు కొట్టుకున్నాయి. నిమిషం తిరక్కుండానే కళ్లు తెరిచింది. మూర్ఛ అన్నారు. ఇంట్లో గాలి సోకిందని దమ్ చేయించి, మెడలో తావీజు కట్టించారు. ఒక ఆసుపత్రికి తీసుకెళితే తల స్కానింగు తీశారు, ఈసీజీ తీశారు, అన్నీ నార్మల్ అన్నారు, అయినా ఫిట్సు మాత్రలు రాశారు. ఏడాదిపాటు పాప ఆ మాత్రలు మింగింది. ఈ మధ్యలో మరోసారి పడింది. ఆ బెంచీ సరిగ్గా గంట కింద, వరండా కిటికీ పక్కన ఉండేది. గాలి బాగా వస్తుందని పాపను అక్కడ కూర్చోబెట్టింది మేమే.

మా శిబిరానికి వచ్చిన పిల్లల గుండె డాక్టరమ్మ ఒకరు ఫిట్సు పిల్లల వరుసలో ఈ పాపను చూశారు. తల్లిని అడిగారు: “గంట మోగినప్పుడే పడిందా అమ్మా?”

“అవును మేడం. ఇంట్లో కూడా ఒకసారి పడింది. రంజాన్‌లో, సహరీ సైరన్ మోగినప్పుడు. నిద్రలోంచి ఉలిక్కిపడి లేచింది, అంతే.”

“మీ వైపు గానీ మీ ఆయన వైపు గానీ ఎవరైనా ఇలా ఉన్నట్టుండి...?”

ఆ తల్లి కాసేపు మాట్లాడలేదు. “మా చెల్లెలు, మేడం. బాలింతగా ఉండగా పోయింది. ఫోను మోగితే లేవబోయి పడిపోయింది. దిష్టి అనుకున్నాం.”

డాక్టరమ్మ పాత ఈసీజీ కాగితం అడిగారు. దాని మీద క్యూటీసీ 425 అని అచ్చయి ఉంది. ఆ అంకెను ఆవిడ చూడనైనా చూడలేదు. మా దగ్గర పెన్సిల్ తీసుకుని, కాగితాన్ని వెలుతురుకు తిప్పి, గళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఆ రోజు ఆవిడ ఏం లెక్కపెట్టారో, అది ఎందుకు అవసరమైందో మేము తర్వాత కూర్చుని నేర్చుకున్నాం. అదే మీకు చెబుతాం.

ఈసీజీ కాగితం మన గ్రాఫు కాగితమే. మామూలుగా సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగంతో నడుస్తుంది. కాబట్టి ఒక చిన్న గడి అంటే 40 మిల్లీసెకన్లు. అయిదు చిన్న గళ్లు కలిస్తే ఒక పెద్ద గడి, 200 మిల్లీసెకన్లు. గుండె ఒకసారి కొట్టుకున్నప్పుడు ముందు ఒక నిట్టనిలువు ముల్లు వస్తుంది, అది గుండె ముడుచుకోవడానికి అందే ఆజ్ఞ. తర్వాత కాస్త దూరంలో నున్నని గుట్ట వస్తుంది, దాన్ని టీ తరంగం అంటారు. గుండె కండరం మళ్లీ ఛార్జి ఎక్కి తర్వాతి దెబ్బకు సిద్ధం కావడం అది. ముల్లు మొదలైన చోటు నుంచి గుట్ట దిగిన చోటు దాకా ఉన్న దూరమే క్యూటీ. ఈ దూరం మరీ సాగిందంటే గుండె ఛార్జి ఎక్కడంలో ఆలస్యం జరుగుతున్నట్టు. సరిగ్గా ఆ ఆలస్యంలో భయమో, పరుగో, పెద్ద శబ్దమో తోడైతే గుండె లయ తప్పి గిలగిలా కొట్టుకుంటుంది, రక్తం పంపు కాదు. మెదడుకు రక్తం అందక మనిషి పడిపోతాడు, చేతులు కొట్టుకుంటాయి. చూసేవాళ్లకు అది ఫిట్సులాగే ఉంటుంది. లయ తనంతట తాను సర్దుకుంటే లేస్తాడు. సర్దుకోకపోతే లేవడు.

దీన్ని లాంగ్ క్యూటీ జబ్బు అంటారు. పుట్టుకతో వచ్చేది, రక్తసంబంధంలో నడిచేది. దాదాపు రెండు వేల మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. ఈ పిల్లల గుండె చూడటానికి మంచి గుండే. స్టెతస్కోపు పెడితే చప్పుడులో తేడా వినపడదు. ఎకో తీస్తే గదులు, కవాటాలు అన్నీ బాగుంటాయి. 2013 నుంచి బడులకు వస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వాళ్లు ఎంత శ్రద్ధగా చూసినా వాళ్ల చెవికి ఇది అందదు. తెలిసేది ముందుగా ఆ గీత మీదే, అదీ కొలిస్తేనే.

మరి నేరుగా క్యూటీ కొలిచి ఎక్కువ, తక్కువ చెప్పేయవచ్చు గదా, వర్గమూలం ఎందుకు?

ఒంటిపూట బడులు గుర్తు తెచ్చుకోండి. ఎండాకాలం బడి ఒక పూటకే పెడతాం. బడి సమయం దాదాపు సగానికి పడిపోతుంది. పీరియడు కూడా తగ్గుతుంది, కానీ సగానికి తగ్గదు. నలభై అయిదు నిమిషాలది ఏ ముప్పై అయిదుకో వస్తుంది. అలాంటప్పుడు మార్చిలో ఒక మాస్టారు ముప్పై అయిదు నిమిషాలు పాఠం చెప్పాడు, జులైలో ఇంకొకాయన నలభై అయిదు చెప్పాడు, ఎవరు సాగదీశారంటే ఏం చెబుతాం? ముందు ఇద్దరినీ ఒకే రకం బడిలోకి తేవాలి. గుండె కూడా అంతే. వేగంగా కొట్టుకుంటే క్యూటీ కుదించుకుంటుంది, నెమ్మదిస్తే సాగుతుంది. ‘ఈ గుండే నిమిషానికి 60 సార్లు కొట్టుకుంటూ ఉండి ఉంటే దీని క్యూటీ ఎంత ఉండేది?’ అన్న ప్రశ్నకు జవాబే క్యూటీసీ. చివర ఉన్న ‘సీ’ అంటే సవరించినది అని.

సవరించే పద్ధతుల్లో ఎక్కువ చలామణిలో ఉన్నది బాజెట్ సూత్రం. ఒక ముల్లు నుంచి తర్వాతి ముల్లుకు ఉన్న దూరాన్ని ఆర్ఆర్ అంటారు. దాన్ని సెకన్లలోకి మార్చి, వర్గమూలం తీసి, ఆ వచ్చినదానితో క్యూటీని భాగించాలి. అంతే. హెన్రీ బాజెట్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1920లో దీన్ని ప్రచురించాడు. అదే 1920లో డెన్మార్క్‌లో ఫ్రెడెరిసియా అనే ఆయన వర్గమూలం వద్దు, ఘనమూలం తీయాలి అన్నాడు. నూరేళ్లు దాటినా ఆ తగవు పూర్తిగా తీరలేదు. బాజెట్ తన సూత్రాన్ని కట్టింది 39 మంది ఆరోగ్యవంతులైన యువకుల గీతల మీద. వాళ్లలో పిల్లలు లేరు. మనం దాన్ని ఇవాళ ఒళ్లో ఏడుస్తున్న పసివాడికి వాడుతున్నాం. ఇబ్బంది మొదలయ్యేది అక్కడే.

పిల్లల గుండె పెద్దల గుండె కన్నా వేగం. పసిగుడ్డుకు నిమిషానికి 120, 140 మామూలు. అయిదేళ్లవాడికి ఎలక్ట్రోడ్లు అతికిస్తే, చల్లని జెల్లు రాస్తే, బిక్కచచ్చి ఏడుస్తాడు, 130 దాటుతుంది. ఆ వేగం దగ్గర బాజెట్ సూత్రం ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. నిమిషానికి 120 అంటే ఆర్ఆర్ అర సెకను. వర్గమూలం 0.71, ఘనమూలం 0.79. అంటే క్యూటీ 71 శాతానికి కుదించుకుపోవాలని బాజెట్ ఆశ, 79 శాతం చాలంటాడు ఫ్రెడెరిసియా. నిజం గుండె బాజెట్ కోరినంతగా కుదించుకోదు. కుదించుకోని ఆ కాస్తా జబ్బులాగా కాగితం మీదికి వస్తుంది.

దీనికి మేము చూసిన ఉదాహరణ ఉంది. అంగన్‌వాడీ దాటి ఒకటో తరగతిలో చేరిన ఒక పిల్లవాడికి జ్వరం వచ్చి తగ్గాక ఎక్కడో ఈసీజీ తీశారు. ఏడుస్తుండగా తీశారు. క్యూటీ 8 చిన్న గళ్లు, అంటే 320 మిల్లీసెకన్లు. ఆర్ఆర్ 11 గళ్లు, అంటే 0.44 సెకను. వర్గమూలం 0.663. భాగిస్తే 482. కాగితం మీద 482 అని పడింది. ‘ఈ పిల్లవాడు పరిగెత్తకూడదు’ అని ఇంట్లోవాళ్లకు ఎవరో చెప్పారు. రెండు నెలలు నానమ్మ వాణ్ణి గుమ్మం దాటనివ్వలేదు. అక్క పుట్టినరోజుకు బుడగ ఊదనివ్వలేదు. వాణ్ణి డాక్టరమ్మ దగ్గరికి తెచ్చినప్పుడు ఆవిడ చేసిన పని ఏమిటంటే, తల్లి ఒళ్లో పడుకోబెట్టి, ఫోన్లో కోడిపుంజుల వీడియో పెట్టి, పావుగంట వదిలేశారు. తర్వాత తీసిన ఈసీజీలో ఆర్ఆర్ 15 గళ్లు, 0.60 సెకను. క్యూటీ ఎనిమిదిన్నర గళ్లు, 340. వర్గమూలం 0.775. భాగిస్తే 439. అదే పిల్లవాడు, అదే గుండె. ఏడుపు పోయింది, జబ్బు పోయింది. ఇంట్లో ఎవరికీ ఇలాంటి చరిత్ర లేదు, పిల్లవాడు ఎప్పుడూ పడిందీ లేదు. అవి కూడా ఆవిడ అడిగి నిర్ధారించుకున్నారు. మొదటి కాగితానికే ఘనమూలం వాడి ఉంటే 421 వచ్చేది.

అయితే ఘనమూలమే వాడేస్తే సరిపోదా అని మా లెక్కల మాస్టారు ఒకరు అడిగారు. సరిపోదట. పిల్లల డాక్టర్ల దగ్గరున్న హద్దులు ఎక్కువగా బాజెట్ లెక్క మీద కట్టినవి: 440 లోపు మామూలు, 440 నుంచి 460 సరిహద్దు, 460 దాటితే ఆలోచించాలి, 480 మళ్లీ మళ్లీ వస్తే జబ్బు అనుకునే చూడాలి, 500 దాటితే ఆ రోజే పెద్ద డాక్టరు దగ్గర ఉండాలి. ఒకరి తూకంరాయితో తూచి ఇంకొకరి ధరపట్టీ చూడకూడదు. అందుకని మంచి దారి ఏమిటంటే, గుండె వేగం మరీ ఎక్కువ కాకుండా, పిల్లవాడు నెమ్మదించాక తీయడం. 60 దగ్గర రెండు సూత్రాలూ ఒకే జవాబు ఇస్తాయి, అక్కడి నుంచి దూరం పోయేకొద్దీ విడిపోతాయి. బాగా పరుగుపోటీలకు సాధన చేసే పెద్ద పిల్లల్లో తిరకాసు ఎదురుగా ఉంటుంది. వాళ్ల గుండె 50కి దిగుతుంది, అక్కడ బాజెట్ ఉన్నదాన్ని తగ్గించి చూపిస్తాడు.

పిల్లల్లో ఇంకో చిక్కు, ఊపిరితో పాటు గుండె వేగం మారుతూ ఉంటుంది. గాలి పీల్చినప్పుడు వేగం, వదిలినప్పుడు నెమ్మది. ఇది జబ్బు కాదు, ఆరోగ్యం. కానీ ముళ్ల మధ్య దూరం ఒకచోట 16 గళ్లు ఉంటే పక్కనే 22 ఉంటుంది. ఎవరికి తోచిన ఆర్ఆర్ వాళ్లు పట్టుకుంటే ఎవరికి తోచిన క్యూటీసీ వాళ్లకు వస్తుంది. వరసగా కొన్ని దెబ్బలు తీసుకుని, ప్రతి క్యూటీకి దాని ముందున్న ఆర్ఆర్‌తోనే లెక్క కట్టి, సగటు తీయాలి.

ఇప్పుడు మళ్లీ మా ఆరో తరగతి పాప కాగితానికి వద్దాం. ఆ పాప ఏడవలేదు, వేగం 75, అన్నీ సక్రమం. మరి మిషను ఎక్కడ పొరబడింది? గుట్ట దగ్గర. ఆ పాప టీ తరంగం ఒక గుట్టలా లేదు, మధ్యలో చిన్న పల్లంతో రెండు గుట్టల్లా ఉంది. మిషను మొదటి గుట్ట దిగగానే ‘అయిపోయింది’ అనుకుంది. క్యూటీ తొమ్మిదిన్నర గళ్లు, 380 అని రాసుకుంది. ఆర్ఆర్ 20 గళ్లు, 0.80 సెకను, వర్గమూలం 0.894, కాబట్టి 425. లెక్క తప్పు కాదు, కొలత తప్పు. పరీక్ష పేపరు దిద్దేటప్పుడు చూస్తుంటాం, సూత్రం సరిగ్గా రాసి ప్రశ్నలోని అంకె తప్పుగా దించుకునే పిల్లలు ఉంటారు, అలాగన్నమాట.

డాక్టరమ్మ రెండో గీత, అంటే లీడ్ రెండు అనే వరుస తీసుకున్నారు. టీ గుట్ట దిగే చోట, బాగా వాలుగా ఉన్న భాగానికి ఆనించి స్కేలు పెట్టి ఒక స్పర్శరేఖ గీశారు. అది నేలగీతను ఎక్కడ తాకిందో అక్కడ చుక్క పెట్టారు. ముల్లు మొదలు నుంచి ఆ చుక్క దాకా 11 గళ్లు. 440 మిల్లీసెకన్లు. 440ని 0.894తో భాగించండి. 492.

425 నుంచి 492. మధ్యలో ఉన్నది ఒకటిన్నర చిన్న గడి. మిల్లీమీటరున్నర. ఆ మిల్లీమీటరున్నర కోసం ఒక ఏడాది ఫిట్సు మాత్రలు.

పాపను పెద్ద ఆసుపత్రికి పంపాం. మళ్లీ మళ్లీ ఈసీజీలు తీసి, ట్రెడ్‌మిల్ మీద నడిపించి, లాంగ్ క్యూటీ అని తేల్చారు. ఉలికిపాటుకు, గంటకు, ఫోనుకు పడిపోయేది ఒక రకమట. పరుగులో, ముఖ్యంగా ఈతలో పడిపోయేది మరో రకం. నిద్రలోనే జరిగేది ఇంకోటి. మొదటి రకం ఆడవాళ్లకు కాన్పు అయిన తర్వాతి నెలల్లో ప్రమాదం పెరుగుతుందని చెప్పినప్పుడు ఆ తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తల్లికి, తమ్ముడికి కూడా ఈసీజీ తీయించాం. తల్లిది సరిహద్దులో ఉంది, తమ్ముడిది 470 దాటింది. వాడు అప్పటిదాకా ఒక్కసారి కూడా పడలేదు.

మందు ఏమిటో తెలుసా? ప్రొప్రనలాల్. చాలా పాత మాత్ర, చవక. నాడొలాల్ కూడా ఇస్తారు. ఉబ్బసం ఉన్న పిల్లలకు ఇవి కుదరవు కాబట్టి డాక్టరే నిర్ణయించాలి. మందుతో ఆగనివాళ్లకు నరం ఆపరేషను, ఛాతీలో పెట్టే యంత్రం ఉన్నాయి. అందరికీ అక్కర్లేదు. రోజూ వేసుకోవాల్సిన మాత్రను ఒక్క పూట కూడా మానకూడదు. రంజాన్ విషయంలో ఆ ఇంట్లో నానీ అడిగారు. ఈడు రాని పిల్లలకు ఉపవాసం విధి కాదని, జబ్బుమనిషికి మినహాయింపు ఉందని మనందరికీ తెలుసు. అయినా పిల్లలే ముచ్చటపడి మేమూ ఉంటామంటారు. ఈ పిల్లల విషయంలో డాక్టరు మాట విని, ఇమాం సాబ్‌ను అడిగి, మాత్ర వేళలు తప్పకుండా చూడండి. సహరీకి ఆ ఇంట్లో ఇప్పుడు అలారం పెట్టరు. తల్లి వెళ్లి పాప భుజం మీద చెయ్యి వేసి లేపుతుంది. మేము బడిగంట పాప గదికి దూరంగా, చింతచెట్టు వైపు మార్చాం.

ఇంకో ముఖ్యమైన సంగతి మందుల షాపుల గురించి. క్యూటీని సాగదీసే మందులు మన వీధిలోనే చీటీ లేకుండా దొరుకుతున్నాయి. దగ్గుకని అజిత్రోమైసిన్, వాంతులకని ఒండాన్‌సెట్రాన్, డొంపెరిడోన్, తెల్లమచ్చల ఫంగస్‌కని ఫ్లుకొనజోల్. మామూలు పిల్లలకు డాక్టరు రాస్తే భయం లేదు. లాంగ్ క్యూటీ ఉన్న పిల్లలకు ఇవి నిప్పుకు నెయ్యి. వాంతులు, విరేచనాలు ఎక్కువై ఒంట్లో పొటాషియం తగ్గినా క్యూటీ సాగుతుంది. కాబట్టి ఆ పాప బ్యాగులో ఒక అట్టముక్క పెట్టించాం, జబ్బు పేరు, వాడకూడని మందుల పేర్లు రాసి. ఈ సభలో మెడికల్ షాపుల యజమానులు నలుగురైదుగురు కనిపిస్తున్నారు. మీకు ఆ అట్టముక్క నకలు ఇస్తాం భాయ్, కౌంటరు దగ్గర అంటించండి.

ఇక మేము మిమ్మల్ని అడగదలచిన దానికి వస్తాం. అది చెవిటి పిల్లల గురించి.

1856లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో చెవిటి పిల్లల బడిలో జరిగిన ఒక సంగతిని మైస్నర్ అనే వైద్యుడు రాసి పెట్టాడు. ఒక బాలిక ఏదో చిన్న తప్పు చేసిందని బడి పెద్దాయన ముందుకు పిలిపించారు. అందరి ముందు మందలిస్తుండగా ఆ పిల్ల కుప్పకూలి చనిపోయింది. తల్లిదండ్రులకు కబురు పంపితే వాళ్లు ఆశ్చర్యపోలేదు. వాళ్ల ఇంట్లో అప్పటికే ఇద్దరు పిల్లలు, ఒకరు భయపడి, ఒకరు కోపంతో, అలాగే పోయారట. అప్పటికి ఈసీజీ లేదు. మాష్టర్లుగా మేము ఈ కథను చదివినప్పుడు చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. మందలించని పంతులు ఎవరు?

నూరేళ్ల తర్వాత, 1957లో, నార్వేలో జెర్వెల్, లాంగె నీల్సన్ అనే ఇద్దరు డాక్టర్లు ఒకే ఇంట్లో నలుగురు చెవిటి పిల్లలను వర్ణించారు. నలుగురికీ క్యూటీ సాగి ఉంది, నలుగురూ పడిపోయేవారు, ముగ్గురు చిన్నతనంలోనే చనిపోయారు. కారణం తర్వాత తెలిసింది. గుండె కండరం మళ్లీ ఛార్జి ఎక్కడానికి పొటాషియం వెళ్లే ఒక చిన్న తూము ఉంటుంది. లోచెవిలో శబ్దం వినడానికి కావలసిన ద్రవం తయారు కావాలన్నా అదే తూము కావాలి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు జన్యువులూ చెడితే చెవీ పోతుంది, గుండె గీతా సాగుతుంది. తల్లిదండ్రులిద్దరూ బాగానే ఉంటారు. ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు అవకాశం.

దగ్గరి చుట్టరికంలో పెళ్లిళ్లు జరిగే చోట ఇలా రెండు చెడ్డ జన్యువులు కలిసే అవకాశం పెరుగుతుంది. ఇది మన ఇళ్ల మీద మాత్రమే వేసే నింద కాదు. చాచా కూతుర్ని, ఖాలా కొడుకుని చేసుకునే మన ఇళ్లలోనూ, మేనరికం ఇచ్చుకునే మన ఇరుగుపొరుగు ఇళ్లలోనూ ఒకటే లెక్క. ఎవరి పెళ్లి గురించీ తీర్పు చెప్పడానికి మేము రాలేదు. అయిపోయిన పెళ్లిళ్ల పిల్లలు మన కళ్లముందున్నారు, వాళ్లకు ఈసీజీ తీయిద్దాం అంటున్నాం.

పుట్టు చెవుడు ఉన్న ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ జీవితంలో ఒక్కసారైనా ఈసీజీ తీసి క్యూటీ చేత్తో కొలవాలి. అందరు చెవిటి పిల్లలకూ ఈ జబ్బు ఉండదు, చాలా కొద్దిమందికే ఉంటుంది. ఆ కొద్దిమందిని మాత్రం వేరే దారిలో పట్టుకోలేం. కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషను ఆరోగ్యశ్రీలో ఉంది, మన సంఘం కూడా కొందరిని పంపింది. మత్తు ఇచ్చే ముందు క్యూటీ చూసి ఉండాలి. ఇంప్లాంటు పెట్టాక మొట్టమొదటి శబ్దం వినిపించే క్షణం కూడా ఆ పిల్లకు ఉలికిపాటే అని డాక్టరమ్మ అన్నారు.

మేము డాక్టర్లం కాము, జబ్బు ఉంది, లేదు అనే మాట మా నోటి నుంచి రాదు. గళ్లు లెక్కపెట్టడం, తేడా ఉంటే కాగితం పట్టుకుని సరైనవాళ్ల దగ్గరికి పరుగెత్తడం మా పని. కాగితం బాగున్నా కొందరిని వదలకూడదు. ఈ జన్యువు ఉన్నవాళ్లలో దాదాపు నాలుగో వంతు మందికి క్యూటీసీ మామూలుగానే కనిపిస్తుంది. ఆటలో, ఈతలో, ఉలికిపాటులో పడిపోయిన పిల్లను 430 వచ్చిందని ఇంటికి పంపేయకండి. ఎవరైనా పడిపోయి ఊపిరి ఆడకపోతే నీళ్లు చల్లుతూ, తాళంచెవులు చేతిలో పెడుతూ కూర్చోకండి. ఛాతీ మధ్యన గట్టిగా, వేగంగా నొక్కుతూనే ఉండండి, ఇంకొకరు 108కి ఫోన్ చేయండి. దాన్ని నేర్పే శిక్షణ వచ్చే నెల జుమా తర్వాత మన హాల్లోనే పెడుతున్నాం.

సొమ్ము సంగతి. పన్నెండు లీడ్లు ఉన్న ఈసీజీ మిషను ఒకటి కావాలి, కాగితం చుట్టలు కావాలి, పిల్లలకు సరిపోయే చిన్న ఎలక్ట్రోడ్లు కావాలి. దీనికి జకాత్ ఇవ్వవచ్చా అని చాలామంది అడిగారు. మన హనఫీ ఉలమా చెప్పేదాని ప్రకారం జకాత్ అర్హుడైన పేదవాడి చేతికి, అతని సొంతంగా చేరాలి. మిషను ఎవరి సొంతమూ కాదు, సంఘానిది. కాబట్టి మిషనుకు, కాగితానికి లిల్లాహ్, సదకా ఖాతాలో ఇవ్వండి. తేడా ఉన్నట్టు తేలిన పేదపిల్లల మందులకు, పెద్ద ఆసుపత్రికి పోయిరావడానికి అయ్యే ఖర్చును జకాత్ ఖాతా నుంచి ఆ తల్లిదండ్రుల చేతికే ఇస్తాం. రెండు రసీదు పుస్తకాలు విడివిడిగా పెట్టాం, ఆకుపచ్చ అట్టది జకాత్, తెల్లది లిల్లాహ్. రాసేటప్పుడు దయచేసి కలపకండి, మా కుర్రవాళ్లు కంగారులో కలిపినా మీరు ఆపండి.

మిషను మీద అచ్చయ్యే క్యూటీసీ అంకెను మేము కొట్టివేయం, దాని పక్కనే మా చేతి కొలత రాస్తాం. ఇద్దరు విడివిడిగా కొలుస్తారు. ఇద్దరి మధ్య ఒక చిన్న గడి కన్నా తేడా వస్తే మూడోవారు కొలుస్తారు. పరీక్ష పేపర్లకు ఈ పద్ధతి ఉన్నప్పుడు పిల్లల గుండెకు ఉండకూడదా?

చివరగా, మీ ఇళ్లలో పిల్లల పాత ఈసీజీలు ఉంటే ఒకసారి తీసి చూడండి. ఆ కాగితం వేడికి నల్లబడే రకం. ఎండ తగిలినా, ప్లాస్టిక్ కవరులో పెట్టినా నాలుగైదేళ్లకు గీత వెలిసిపోతుంది. మా పాప మొదటి కాగితం అప్పటికే సగం వెలిసిపోయింది, ఇంకో ఏడాది ఆగి ఉంటే ఆ రెండో గుట్ట కనిపించేది కాదు. వెంటనే జిరాక్స్ తీయించి, అసలును కాగితం కవరులో పెట్టి చీకటి అలమారలో ఉంచండి. ఖాకీ కవర్లు బయట రసీదుల బల్ల మీద ఉన్నాయి, ఇంటికి ఒకటి తీసుకెళ్లండి, మీద పిల్లల పేరు, తేదీ రాయడానికి చోటు వదిలాం.